మార్కులు తగ్గితే సంతోషించే పరీక్ష

మన తెలుగిళ్ళలో అంకెలకున్న గౌరవం మరి దేనికీ ఉండదు. పదో తరగతి మార్కులు, ఎంసెట్ ర్యాంకు, జి.ఆర్.ఇ. స్కోరు అనుకుంటూ పెరిగాం. ఈ దేశం వచ్చాక క్రెడిట్ స్కోరు, పిల్లల ఎస్.ఎ.టి. స్కోరు వాటికి తోడయ్యాయి. అంకె వినగానే మనిషి జాతకం చదివేసినంత ధీమాగా మాట్లాడేస్తాం. అందుకే ఇంట్లో ఎవరికైనా లివరు జబ్బు వచ్చి, డాక్టరు గారు కాగితం మీద ఒక స్కోరు రాసిచ్చినప్పుడు, ఆ అంకె చూసి ఇట్టే బెంబేలు పడిపోతాం, లేదా ఇట్టే ధైర్యం తెచ్చేసుకుంటాం. రెండూ ప్రమాదమే.

మా అమ్మ జబ్బు మూలంగా కొన్నేళ్ళుగా ఈ స్కోర్లతోనే కాపురం చేస్తున్నాను. తెలుసుకున్న నాలుగు ముక్కలూ తోటివాళ్ళతో పంచుకుందామని ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. ఇక్కడ చెప్పేది వైద్య సలహా అనుకోవద్దు. వైద్యులు చెప్పే మాట విన్నప్పుడు అది దేని గురించో తెలియటానికి పనికొస్తే చాలు.

తాగని మనిషికి లివరు జబ్బేమిటి?

అమ్మా నాన్నగారూ కాకినాడలో ఉంటారు. నేను ఒహాయోలో, తమ్ముడు ఇంగ్లండులోని లీడ్స్‌లో. అమ్మకున్న వ్యసనమల్లా రెండు పూటలా కాఫీ. కాకపోతే ఇరవై ఏళ్ళ నుంచీ షుగరు ఉంది. 2021లో వేరే దేనికో స్కానింగు తీయిస్తే, లివరు కుంచించుకుపోయి గరుకుగా ఉందని తేలింది. పేరు సిరోసిస్.

ఆ పేరు బయటికి రాగానే చుట్టాల్లో గుసగుసలు మొదలయ్యాయి. "తాగేవాళ్ళకి కదా వచ్చేది?" అని ఒకరు, "మరి మీ ఇంట్లో ఎవరూ..." అంటూ మాట మింగేసినవాళ్ళు ఇంకొకరు. జబ్బు గురించి కంటే ఈ మాటల గురించే అమ్మ ఎక్కువ ఏడ్చింది. లివరు పాడవటానికి మందు ఒక్కటే కారణం కాదు. హెపటైటిస్ బి, సి వైరస్‌ల వల్ల రావచ్చు. ఏళ్ళ తరబడి షుగరు, ఒంట్లో కొవ్వు పేరుకోవటం వల్లా రావచ్చు. ఈ రెండో రకానికి చాలాకాలం డాక్టర్లు వాడిన పేర్లో కూడా ఆల్కహాల్ మాట ఉండేది, "నాన్ ఆల్కహాలిక్" అంటూ. 2023లో అంతర్జాతీయ లివరు వైద్య సంఘాలు ఆ మాట తీసేసి, శరీరంలోని జీవక్రియ దోషాన్ని సూచించే కొత్త పేరు పెట్టాయి. ఆ సంగతి ఫోన్లో చెబితే అమ్మ, "పోనీలే, ఇన్నాళ్ళకి నా పేరు నిలబెట్టారు," అంది.

సిరోసిస్ అంటే లివరు నిండా మానిన గాయాల మచ్చలు ఉండటం. మచ్చపడిన చోటు పని చెయ్యదు. మిగిలిన భాగం ఆ బరువు మోసుకుంటూ ఉన్నంతకాలం మనిషికి బయటికి ఏమీ తెలియదు. కొందరు ఏళ్ళ తరబడి అలాగే ఉంటారు. ఆ మిగిలిన భాగానికీ శక్తి చాలనప్పుడు పొట్టలో నీరు చేరుతుంది, కళ్ళు పచ్చబడతాయి, రక్తపు వాంతులు కావచ్చు, మాట తడబడవచ్చు. అసలు స్కోర్ల అవసరం వచ్చేది అప్పుడే.

ఒకే రక్తం, నాలుగు స్కోర్లు

2024 సంక్రాంతి వెళ్ళిన వారానికి అమ్మకు జ్వరం వచ్చింది. పొట్ట ఉబ్బింది. విశాఖపట్నంలో ఆసుపత్రిలో చేర్చారు. పొట్టలో నీరు తీసి పరీక్షిస్తే, ఆ నీటికి ఇన్ఫెక్షన్ సోకిందన్నారు. నాన్నగారు రక్త పరీక్ష కాగితం ఫొటో తీసి వాట్సాప్‌లో పంపించారు. బిలిరుబిన్ 2.8, ఐ.ఎన్.ఆర్. 1.6, క్రియాటినిన్ 1.3, సోడియం 131, అల్బుమిన్ 2.6.

ఆసుపత్రి ఫైల్లో "మెల్డ్ 18" అని రాసి ఉంది. ఇక్కడ అమెరికాలో ఇప్పుడు వాడే లెక్క ప్రకారం చేస్తే నాకు 24 వచ్చింది. దానికి ముందు తరం లెక్కలో 22. తమ్ముడు వాళ్ళ దేశపు పద్ధతిలో చేస్తే 59! బెంగుళూరులో ఉన్న మా పిన్ని కొడుక్కి మెల్డ్ స్కోరు 40 దాటదని తెలుసు. 59 అనేసరికి వాడు ఫోన్లో మాట్లాడలేకపోయాడు.

తమాషా ఏమిటంటే నాలుగూ సరైన లెక్కలే. రక్తం ఒకటే, కొలబద్దలు నాలుగు. ఒక్కోదాని కథ చెబుతాను.

మొదటిది 18. ఇది అసలు మెల్డ్. 2000 సంవత్సరంలో మిన్నెసోటా రాష్ట్రంలోని మేయో క్లినిక్ వాళ్ళు తయారుచేశారు. లివరులో రక్తానికి పక్కదారి వేసే ఒక స్టెంటు చికిత్స ఉంది. అది చేయించుకున్నాక మూడు నెలల్లో ఎవరికి ప్రమాదం ఎక్కువో ముందే అంచనా వెయ్యటానికి పుట్టిన లెక్క ఇది. దీనికి మూడే పరీక్షలు కావాలి. బిలిరుబిన్ లివరు మలినాన్ని ఎంత బయటికి పంపగలుగుతోందో చెబుతుంది. ఐ.ఎన్.ఆర్. రక్తం గడ్డకట్టటానికి కావలసిన పదార్థాలు లివరు తయారుచేస్తోందా లేదా చెబుతుంది. క్రియాటినిన్ కిడ్నీల సంగతి చెబుతుంది. లివరు దెబ్బతింటే కిడ్నీలూ దెబ్బతింటాయి కాబట్టి దాన్నీ లెక్కలోకి తీసుకున్నారు. స్కోరు 6 నుంచి 40 దాకా ఉంటుంది. ఎక్కువైన కొద్దీ ప్రమాదం ఎక్కువ. మార్కులు తగ్గితే ఇంటిల్లిపాదీ సంతోషించే పరీక్ష ఇది.

రెండోది 22. ఒంట్లో నీరు పట్టేసిన మనిషికి రక్తంలో సోడియం పలచబడుతుంది. అలాంటివాళ్ళకు అసలు స్కోరు చెప్పినదానికంటే ప్రమాదం ఎక్కువని తేలటంతో, 2016 జనవరి నుంచి అమెరికాలో సోడియాన్ని కూడా కలిపారు.

మూడోది 24. దీని పేరు మెల్డ్ 3.0. అమెరికాలో 2023 జులైలో అమల్లోకి వచ్చింది. ఇందులో అల్బుమిన్ చేరింది. దానితోపాటు ఆడవాళ్ళకు 1.33 పాయింట్లు కలిపారు. ఎందుకంటే క్రియాటినిన్ కండరాల నుంచి వస్తుంది. ఆడవాళ్ళకు సాధారణంగా కండ తక్కువ. కిడ్నీలు అంతే దెబ్బతిన్నా వాళ్ళ క్రియాటినిన్ తక్కువ చూపిస్తుంది. దాంతో స్కోరు తగ్గి, లివరు కోసం నిలబడ్డ వరసలో మగవాళ్ళ కంటే వెనకబడిపోయేవారు. తొమ్మిదో క్లాసు చదివే మా అమ్మాయికి ఇది చెబితే, "2002 నుంచీ 2023 దాకా ఎవరూ కలపలేదా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు నా దగ్గర మంచి సమాధానం లేదు.

నాలుగోది 59. బ్రిటన్‌లో వాడే యుకెల్డ్. దాని కొలబద్దే వేరు. అక్కడ కాలేయ మార్పిడి జాబితాలో పేరు చేర్చటానికి సాధారణంగా కనీసం 49 ఉండాలి. అంటే 59ని 40తో పోల్చకూడదు. సెంటీగ్రేడులో జ్వరం 39 అంటే ఫారన్‌హీటుకు అలవాటుపడ్డవాళ్ళు చల్లగా ఉందనుకోరు కదా, అలాగే.

మనలాగా తలో దేశంలో ఉన్న కుటుంబాలు ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. మన ఊరి ల్యాబులూ అమెరికా ల్యాబులూ బిలిరుబిన్‌నీ క్రియాటినిన్‌నీ డెసీలీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు అని చెబుతాయి. ఇంగ్లండులో లీటరుకు ఇన్ని మైక్రోమోల్స్ అంటారు. అమ్మ బిలిరుబిన్ 2.8 అక్కడ సుమారు 48. క్రియాటినిన్ 1.3 అక్కడ సుమారు 115. అల్బుమిన్ 2.6 అక్కడ 26. ఆ దేశపు కాలిక్యులేటర్లో మన కాగితం మీది 2.8 అంకెని అలాగే కొడితే, బిలిరుబిన్ అసలు పెరగనట్టే స్కోరు వస్తుంది. అంకె పక్కన చిన్న అక్షరాల్లో ఉండే కొలమానం చూడకుండా ఏ లెక్కా చెయ్యకూడదు.

స్కోరు ఏ ప్రశ్నకు జవాబు?

నలుగురం నాలుగు అంకెలు పట్టుకుని కూర్చున్నాం గానీ, అందరి మనసులోనూ ఉన్న ప్రశ్న ఒక్కటే. అమ్మ ఎన్నాళ్ళుంటుంది? ఆ ప్రశ్నకు మెల్డ్ జవాబు చెప్పదు. ఎందుకో తెలియాలంటే అది ఏ పని కోసం వాడుకలోకి వచ్చిందో తెలియాలి.

అమెరికాలో చనిపోయిన దాతల కాలేయాలు అవసరమైనవాళ్ళ కంటే ఎప్పుడూ తక్కువే. 2002కి ముందు జాబితాలో ఎంతకాలంగా ఉన్నారన్నదానికి చాలా ప్రాముఖ్యం ఉండేది. జబ్బు ముదరకముందే పేరు రాయించుకున్నవాళ్ళు ముందుండేవారు. ఆలస్యంగా వచ్చిన నిజమైన రోగి వెనక నిలబడేవాడు. ఆ అన్యాయం తగ్గించటానికి 2002 ఫిబ్రవరి 27 నుంచి మెల్డ్‌ని ఆధారం చేసుకున్నారు. అంటే ఇది వరసలో నిలబెట్టే అంకె. "దొరికిన ఈ లివరు లేకపోతే రాబోయే మూడు నెలల్లో ఎవరికి ఎక్కువ ప్రమాదం?" అన్నదే దాని ప్రశ్న.

పైగా అది గుంపు గురించి చెప్పే మాట. అమెరికా జాబితాలో ఉన్న మూడు వేలమందికి పైగా రోగుల మీద 2003లో వచ్చిన పరిశీలనలో, స్కోరు 9 కంటే తక్కువున్నవాళ్ళలో మూడు నెలల్లో చనిపోయినవాళ్ళు నూటికి ఇద్దరు. 40కి చేరినవాళ్ళలో నూటికి 71 మంది. ఆ వందమందిలో మనమ్మ ఎవరో అంకెకు తెలియదు. 40 వచ్చినా నూటికి 29 మంది మూడు నెలలు దాటారన్న మాటా అందులోనే ఉంది. మూడు నెలల తర్వాత సంగతి అది అసలు మాట్లాడదు.

విశాఖపట్నంలో డాక్టరు గారు మాకు ఇంకో స్కోరు కూడా చెప్పారు. "చైల్డ్ ప్యూ 11, సి తరగతి." ఇందులో చైల్డ్ అంటే పిల్లలని కాదు, ఆయన పేరు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో చార్ల్స్ చైల్డ్ అనే సర్జను, టర్కాట్ అనే సహచరుడితో కలిసి 1964లో ఇచ్చిన పద్ధతి ఇది. ఆపరేషన్‌కి ఎవరు తట్టుకుంటారో చూడటానికి పుట్టింది. దాన్ని 1973లో లండన్‌లో ప్యూ అనే ఆయన బృందం సవరించింది. ఐదు విషయాలు చూస్తారు. బిలిరుబిన్, అల్బుమిన్, రక్తం గడ్డకట్టే తీరు, పొట్టలో నీరు, మతి స్థిమితం. ఒక్కోదానికి ఒకటి నుంచి మూడు. మొత్తం 5, 6 అయితే ఎ, 7 నుంచి 9 బి, 10 నుంచి 15 సి. అమ్మకు బిలిరుబిన్‌కి 2, అల్బుమిన్‌కి 3, ఐ.ఎన్.ఆర్.కి 1, నీటికి 3, మగతకి 2.

ఇది పాతదే అయినా ఇందులో ఒక సుగుణం ఉంది. ఐదింటిలో రెండు మనిషిని చూసి చెప్పేవి. మెల్డ్‌ని ల్యాబు కాగితం చూసి ఒహాయోలో కూర్చుని చెయ్యొచ్చు. చైల్డ్ స్కోరుకు మాత్రం మంచం పక్కన ఒక మనిషి ఉండాలి.

స్కోరుకు కనబడనివి

అమ్మకు మగత మొదలైందని మొదట కనిపెట్టింది నాన్నగారు. అమ్మ చాలా ఏళ్ళుగా రామకోటి రాస్తోంది. రోజూ పొద్దున్న స్నానమయ్యాక ఒక పేజీ. ముత్యాల్లాంటి దస్తూరీ. ఆ జనవరిలో నాన్నగారు పుస్తకం తిప్పి చూస్తే, నాలుగు రోజులుగా అక్షరాలు గీత దాటి కిందికి జారుతున్నాయి. ఒకచోట రాసిన పేరు మీదే మళ్ళీ రాసి ఉంది. పగలు నిద్ర, రాత్రి మెలకువ. ఆయన ఆ పేజీలు ఆసుపత్రికి పట్టుకెళ్ళారు. డాక్టరు గారు వాటిని శ్రద్ధగా చూశారట. లివరు శుభ్రం చెయ్యాల్సిన అమ్మోనియా లాంటి విషాలు మెదడుకు చేరితే మొదట తెలిసేది దస్తూరీలోనూ నిద్రలోనేనని చెప్పారు. విరేచనం సాఫీగా అయ్యే లాక్టులోజ్ మందు మొదలుపెట్టారు. రోజుకు రెండు మూడుసార్లు విరేచనం కావాలి, అదే ఆ మందు కొలత. ఈ మగత ఏ మెల్డ్ స్కోరులోనూ లేదు.

లేనివి ఇంకా ఉన్నాయి. అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళాలు పగిలి రక్తపు వాంతి కావటం లేదు. అందుకే ఎండోస్కోపీ చేసి అవసరమైతే ఆ నాళాలకు బ్యాండ్లు వేస్తారు. సిరోసిస్ ఉన్నవాళ్ళకు రాగల లివరు క్యాన్సరు లేదు. అందుకే ఆరు నెలలకోసారి స్కానింగు. స్కోరు తక్కువగా ఉంది కదా అని ఈ రెండూ మానుకోకూడదు.

అన్నిటికంటే నన్ను ఆలోచింపజేసింది కండ విషయం. జబ్బు ముదిరితే కండ కరిగిపోతుంది. కండ కరిగితే క్రియాటినిన్ తగ్గుతుంది. క్రియాటినిన్ తగ్గితే స్కోరు కూడా కాస్త తగ్గొచ్చు. అంటే మనిషి క్షీణిస్తుంటే మార్కులు బాగుపడినట్టు కనిపించవచ్చన్నమాట! అలాగే నీరు తగ్గే మాత్రల మోతాదు ఎక్కువై ఒళ్ళు ఎండిపోతే, లివరు అలాగే ఉన్నా స్కోరు పెరుగుతుంది. గుండె కోసం వార్ఫరిన్ వాడేవాళ్ళకు ఆ మందువల్లే ఐ.ఎన్.ఆర్. పెరిగి స్కోరు ఎక్కువ చూపుతుంది. స్కోరు మారినప్పుడు, లోపల ఏ అంకె మారిందో, ఎందుకు మారిందో అడగాలి.

ఆ 1964 నాటి మొదటి పద్ధతిలో గడ్డకట్టే పరీక్షకు బదులు పోషణ ఉండేది. కొలవటం కష్టమని 1973లో తీసేశారు. స్కోరులోంచి పోయినా జబ్బులోంచి పోలేదు. పూర్వం లివరు జబ్బంటే పప్పూ గుడ్డూ మాన్పించేవారు. ఇప్పుడా మాట మారింది. ఒంట్లో నీటి బరువు తీసేసి, కిలోకి రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు తినాలంటున్నారు. రాత్రి ఎక్కువసేపు కడుపు ఖాళీగా ఉంటే, నిలవ చక్కెర లేని లివరు కండని కరిగించి వాడుకుంటుంది. అందుకని అమ్మ పడుకునే ముందు ఒక చపాతీ, గ్లాసుడు పాలు తీసుకుంటోంది. మరి ఉప్పు? రోజు మొత్తానికి ఒక చెంచా, అంటే ఐదు గ్రాములు. ఆవకాయ, అప్పడాలు, మజ్జిగ మిరపకాయలు మూడూ గడప దాటాయి. గోదావరి జిల్లా మనిషికి ఇదే పెద్ద శిక్ష. ఉప్పుకు బదులని అమ్మే పొడుల్లో పొటాషియం ఉంటుంది. నీరు తగ్గే కొన్ని మాత్రలతో కలిస్తే అది ప్రమాదం. డాక్టర్ని అడగకుండా అవి కొనిపెట్టకండి. మోకాళ్ళ నొప్పులకు వేసుకునే ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివీ అంతే.

తమ్ముడి మాట, అమ్మ మాట

అమ్మ ఆసుపత్రిలో చేరిన మూడో రోజుకే తమ్ముడు విశాఖపట్నంలో దిగాడు. దిగుతూనే, "నా లివరు తీసుకోండి. మా ఇద్దరిదీ ఒకే గ్రూపు," అన్నాడు. మన దేశంలో జరిగే కాలేయ మార్పిడుల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. బతికున్న దాత లివరులో కొంత భాగం తీసి పెడతారు. దాతకు మిగిలినది మళ్ళీ పెరుగుతుంది. చనిపోయిన దాతల అవయవాల కోసం మన రాష్ట్రాల్లో జీవన్‌దాన్ పథకం కింద పేరు నమోదు చేసుకోవచ్చు గానీ, దాతలు తక్కువ. కాబట్టి అమెరికాలో వరసలో నిలబెట్టే అంకె, మన ఊళ్ళో చాలామందికి "ఇంట్లోవాళ్ళలో ఎవరి పొట్ట ఎప్పుడు కొయ్యాలి" అనే అంకె అయిపోతుంది.

అమ్మకు తెలివి పూర్తిగా వచ్చాక ఈ మాట విని, "నా కడుపున పుట్టినవాడి కడుపు కోయించి నేను బతకాలా? ఆ ఊసు నా దగ్గర ఎత్తకండి," అంది. తమ్ముడు గట్టిగా మాట్లాడాడు. నాన్నగారు బయటికి వెళ్ళిపోయారు. నేను ఫోన్లో వింటూ ఉన్నాను.

దాన్ని ఆ పూటకు చల్లార్చింది డాక్టరు గారే. "ఈ స్కోరు ఇన్ఫెక్షన్ ఉన్న రోజుది. దీని మీద అంత పెద్ద నిర్ణయం చెయ్యకూడదు. ఇన్ఫెక్షన్ తగ్గనివ్వండి. మళ్ళీ చూద్దాం," అన్నారు. మే నెలలో మళ్ళీ చూశారు. బిలిరుబిన్ 1.6, ఐ.ఎన్.ఆర్. 1.4, క్రియాటినిన్ 0.9, సోడియం 136, అల్బుమిన్ 3.1. పాత మెల్డ్ 18 నుంచి 12కి, కొత్తది 24 నుంచి 14కి దిగాయి. చైల్డ్ స్కోరు 8, సి నుంచి బి. మగత లేకపోయినా అది మందు మీద ఆగుతోంది కాబట్టి దానికి రెండు మార్కులు అలాగే ఉంచారు.

పాత మెల్డ్ 15 కంటే తక్కువున్నవాళ్ళకు మొదటి ఏడాదిలో జబ్బు కంటే ఆపరేషన్ ప్రమాదమే ఎక్కువని 2005లో అమెరికా జాబితాల మీద చేసిన పరిశీలన చెప్పింది. దాతకు ఉండే ప్రమాదం చాలా తక్కువే, కానీ సున్నా కాదు. అందువల్ల ఆపరేషన్ ఇప్పుడు వద్దన్నారు. ఇంట్లో పండగ వాతావరణం వచ్చేసింది.

అప్పుడు తమ్ముడు అన్న మాట నాకు బాగా నచ్చింది. "అమ్మా, స్కోరు మళ్ళీ పెరిగితే అప్పుడు చూద్దామంటున్నావు. స్కోరు పెరిగిన రోజు నీకు మగతగా ఉంటుంది. నీ మాట నువ్వు చెప్పలేవు. నాన్నగారు చెప్పాలి. ఆ బరువు ఆయన మీద పెడతావా?" అన్నాడు.

అమ్మ రెండు రోజులు ఏమీ అనలేదు. మూడో రోజు అందరినీ వీడియోలోకి పిలిచి తన మాట చెప్పింది. డాక్టరు అవసరమంటే ముందు జీవన్‌దాన్‌లో పేరు రాయించాలి. అక్కడ దొరక్కపోతే తమ్ముడి సంగతి ఆలోచించవచ్చు, కానీ కోడలు కూడా తన నోటితో సరేననాలి. ఐ.సి.యు.లో యంత్రాల మీద నెలల తరబడి ఉంచకూడదు. నాన్నగారు ఇదంతా ఒక కాగితం మీద రాసి ఫైల్లో పెట్టారు. మా మరదలు తర్వాత అమ్మతో విడిగా మాట్లాడింది. ఏం మాట్లాడుకున్నారో మేము అడగలేదు.

కాగితాల పనీ అప్పుడే మొదలుపెట్టాం. తమ్ముడిది బ్రిటిష్ పౌరసత్వం. అవయవ మార్పిడి చట్టానికి 2011లో చేసిన సవరణ ప్రకారం, దాత విదేశీ పౌరుడైతే సొంత కొడుకైనా సరే, ఆథరైజేషన్ కమిటీ ముందస్తు అనుమతి తీసుకోవాలి. బంధుత్వం రుజువులు చూపించాలి. పాస్‌పోర్టులో ఒక స్పెల్లింగు, స్కూలు సర్టిఫికెట్టులో ఒక స్పెల్లింగు ఉండే మనవాళ్ళు ఇలాంటివి తీరుబడిగా ఉన్నప్పుడే సరిచేసుకోవటం మంచిది. స్కోరు తక్కువగా ఉన్న నెలలు ఈ మాటలన్నీ మాట్లాడుకోవటానికి దొరికిన వ్యవధి అని నాకు అర్థమైంది.

ఇప్పుడు మా ఇంట్లో

మా అమ్మాయి ఒక పట్టిక తయారుచేసింది. ప్రతిసారీ ఒకే లెక్క, మెల్డ్ 3.0 మాత్రమే. రకరకాల స్కోర్లు కలిపితే పెరిగిందో తగ్గిందో తెలియదని దాని వాదన. స్కోరు పక్కనే ఐదు అంకెలూ విడివిడిగా, కొలమానంతో సహా ఉంటాయి. తేదీ, ఆ వారం జ్వరం గానీ మందు మార్పు గానీ ఉందా అన్నది ఇంకో గడిలో ఉంటుంది. ఇవి కాగితం చూసి నింపేవి. తర్వాతి గడులు నాన్నగారు చెప్పాలి. బరువు, నడుం చుట్టుకొలత, నిద్ర ఎలా ఉంది, కుర్చీలోంచి చెయ్యి ఆనించకుండా లేస్తోందా, వారానికోసారి రామకోటి పేజీ ఫొటో.

నల్లటి విరేచనం, రక్తపు వాంతి, జ్వరం, పొట్ట నొప్పి, కొత్తగా మతిమరుపు, ఒంటికి పోవటం తగ్గటం, ఈ ఆరింటిలో ఏది కనబడినా మాకు ఫోను చెయ్యకుండా ముందు ఆసుపత్రికి వెళ్ళాలని ఫ్రిజ్ మీద అంటించి ఉంది. మాకు ఆ తర్వాత చెప్పొచ్చు. దూరాన ఉన్న పిల్లల్ని అడిగి బయల్దేరదామని పెద్దవాళ్ళు గంటలు గంటలు ఆగిపోతారు. అక్కడ రాత్రి, ఇక్కడ ఆఫీసు.

ఈ వ్యాసం రాసేనాటికి అమ్మ స్కోరు 13, 15 మధ్య ఊగుతోంది. ఒకసారి 15 వచ్చినప్పుడు నేను డాక్టరు గారికి రాస్తే, క్రియాటినిన్ కొంచెం పెరిగిందనీ, నీటి మాత్ర సగం చేశామనీ, పది రోజుల్లో మళ్ళీ పరీక్షించమనీ జవాబు వచ్చింది. పది రోజుల తర్వాత 13. తమ్ముడు ప్రతి ఆరు నెలలకూ వెళ్ళి వస్తున్నాడు. అమ్మ పూర్తిగా నయమైపోయిందని ఎవరూ అనటం లేదు. ఆమె మాత్రం పొద్దున్నే పెసరట్టు వేయించుకుని, అందులో ఉప్పెయ్యలేదని నాన్నగారి మీద విసుక్కుని, ఆ తర్వాత పుస్తకం తెరుస్తుంది. ఆదివారం వచ్చే ఫొటోలో ముందుగా మా అమ్మాయి చూసేది గీత మీద అక్షరాలు నిలబడ్డాయా లేదా అని. తెలుగు చదవటం రాని పిల్ల, ఆ రెండక్షరాలు మాత్రం కూడబలుక్కుని చదువుతుంది.